గోల్ఫ్ ట్రిప్ షీట్‌లో నాలుగో రోజు

ముందే ఒక మాట ఒప్పేసుకుంటాను. నాకు గోల్ఫ్ రాదు. ఉద్యోగం చేసే రోజుల్లో ఒకసారి టీమ్ ఔటింగ్ అని డ్రైవింగ్ రేంజ్‌కి తీసుకెళ్తే, పది బంతులు పెట్టుకుని ఏడుసార్లు గాలిని కొట్టాను. ఇలాంటివాడు గోల్ఫ్ హాలిడే మీద ఎపిసోడ్ చేయడమేంటి అంటారా? తప్పంతా మా చందుగాడిది.

చందు నా బీటెక్ రూమ్మేట్. ఇప్పుడు లండన్‌లో ఉంటున్నాడు. అక్కడికెళ్ళాక క్రికెట్ వదిలేసి గోల్ఫ్ పట్టుకున్నాడు. ఏప్రిల్‌లో నలుగురు ఫ్రెండ్స్, వాళ్ళ ఫ్యామిలీలు కలిసి పోర్చుగల్ దక్షిణ తీరంలో ఉన్న అల్గార్వ్‌కి అయిదు రోజులు వెళ్తున్నారు. మనవాడు సాఫ్ట్‌వేర్ కదా, ట్రిప్ అంటే ముందు షీట్ తయారవుతుంది. ఆ షీట్ నాకు షేర్ చేసి, "నువ్వు హిస్టరీ వీడియోలు చేస్తావు కదరా, మధ్యలో ఏమైనా చూడాల్సినవి ఉంటే యాడ్ చెయ్" అన్నాడు.

షీట్ బాగుంది. మొదటి రోజు ఫారో ఎయిర్‌పోర్టులో దిగడం, రెండో రోజు పెనీనా కోర్సు, మూడో రోజు పాల్మారెస్, అయిదో రోజు విలమోరాలో ఓల్డ్ కోర్సు ఆడి సాయంత్రం ఫ్లైట్. నాలుగో రోజు ఆట లేదు. అక్కడ ఇలా రాసి ఉంది: "లాగోస్ టౌన్. పిల్లలకి మినీ గోల్ఫ్. పార్కింగ్ కిందే ఉంది."

ఆ ఆఖరి మూడు ముక్కల దగ్గర నేను ఆగిపోయాను. పార్కింగ్ కింద, మినీ గోల్ఫ్ పైన. ఇది నేను ఎక్కడో చదివానే అనిపించింది. వెతికితే దొరికింది. దాని గురించే ఈ ఎపిసోడ్. కాకపోతే అక్కడిదాకా వెళ్ళాలంటే అసలు అల్గార్వ్‌కి గోల్ఫ్ ఎలా వచ్చిందో ముందు చెప్పుకోవాలి, అది కూడా సరదా కథే.

అల్గార్వ్ అన్న పేరు అరబిక్ నుంచి వచ్చింది. అల్ గర్బ్ అంటే పడమర. 8వ శతాబ్దం నుంచి ఆ నేల ముస్లిం పాలకుల కింద ఉండేది, 1249లో ఫారో పోర్చుగల్ రాజు చేతికి వచ్చింది. ఆ తర్వాత వందల ఏళ్ళు అక్కడ చేపలు, ఉప్పు, అత్తిపండ్లు, బాదం, ఇవే బతుకుతెరువు. 20వ శతాబ్దంలో సార్డిన్ చేపల్ని డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలు బాగా నడిచాయి. పోర్టిమావ్ ఊళ్ళో అలాంటి పాత ఫ్యాక్టరీనే ఇప్పుడు మ్యూజియం చేశారు. చందూ, అది కూడా యాడ్ చేశాను చూస్కో.

టూరిజం అనేది నిన్నమొన్నటి ముచ్చట. ఫారో ఎయిర్‌పోర్టు తెరిచింది 1965 జులైలో. అప్పటికి పోర్చుగల్‌లో సలాజార్ నియంతృత్వం నడుస్తోంది, బయటి డబ్బు కావాలి. ఉత్తర యూరప్‌లో చలికి వణికేవాళ్ళకి ఎండ కావాలి. రెండూ కలిశాయి. ఎయిర్‌పోర్టు వచ్చిన మరుసటి ఏడాదే, 1966లో, పెనీనాలో ఆ ప్రాంతపు మొదటి గోల్ఫ్ కోర్సు మొదలైంది.

దాన్ని డిజైన్ చేసింది హెన్రీ కాటన్ అనే ఇంగ్లీషు ఆటగాడు. 1934, 1937, 1948, మూడుసార్లు బ్రిటిష్ ఓపెన్ గెలిచినవాడు. ఆయనకి చూపించిన స్థలం ఏంటో తెలుసా? వరిమళ్ళు! కాలు పెడితే దిగబడే నేల. గోదావరి జిల్లాల్లో పుట్టినవాడెవడైనా ఆ స్థలం చూసి రెండో పంట వేద్దామంటాడు. ఈయన చెట్లు పెట్టించాడు. ఒకటి రెండు కాదు, లక్షల్లో. నీటిని బాగా పీల్చే యూకలిప్టస్ లాంటివి పెట్టి ఆ బురదని ఆరబెట్టి కోర్సు చేశాడు. ఆయన దగ్గర ఒక గాడిద ఉండేది, పేరు పసిఫికో. గోల్ఫ్ బ్యాగ్ మోసే పని దానిది. కాటన్ 1987లో చనిపోయాడు, సమాధి కూడా ఆ దగ్గర్లోనే ఉంది. వరిమళ్ళకి వచ్చి అక్కడే మట్టిలో కలిసిపోయాడన్నమాట.

తర్వాత వరసగా వచ్చాయి. 1969లో విలమోరా, 1970లలో ఇంకా కొన్ని, ఇప్పుడు దాదాపు 40 కోర్సులు ఉన్నాయి. ఒక్క విషయం మాత్రం చందూకి చెప్పాను. అక్కడ నీళ్ళకి చాలా కష్టంగా ఉంది. 2024 మొదట్లో కరువు వల్ల ప్రభుత్వం వ్యవసాయానికి 25 శాతం, ఊళ్ళకి, టూరిజానికి 15 శాతం నీటి కోత పెట్టింది. శుద్ధి చేసిన మురుగునీటిని గోల్ఫ్ కోర్సులకి వాడటం అందుకే పెరుగుతోంది. వరి పండిన చోట ఇప్పుడు గడ్డికి నీళ్ళు వెతుక్కుంటున్నారు. దీని మీద వేరే ఎపిసోడ్ చేయొచ్చు, ఇవాళ కాదు.

ప్లాన్‌కి వద్దాం. ఏప్రిల్ మంచి నెలే. జులై, ఆగస్టుల్లో ఎండకి పద్దెనిమిది హోల్స్ ఆడటం మనవాళ్ళకి కూడా కష్టం. అందుకే గోల్ఫ్ ఆడేవాళ్ళు వసంతంలో, లేదా అక్టోబర్ చుట్టుపక్కల వెళ్తారు. ఫారో నుంచి లాగోస్ దాదాపు 90 కి.మీ. రోడ్డు ఏ22. 2025 జనవరి నుంచి దాని మీద టోల్ కూడా తీసేశారు. చందు షీట్‌లో "టోల్: 0" అని ఆకుపచ్చ రంగు వేసి మరీ పెట్టుకున్నాడు.

ఆ ఏ22కి ఇంకో పేరుంది. వియా దు ఇన్ఫాంతె. అంటే రాకుమారుడి దారి. ఏ రాకుమారుడు? హెన్రీ. మన టెన్త్ క్లాస్ పుస్తకాల్లో "నావికుడు హెన్రీ" అని ఒక లైన్లో వచ్చి వెళ్ళిపోతాడే, ఆయనే. తమాషా ఏంటంటే, సముద్రం మీద కొత్త దారులు వెతకడానికి ఆయన ఎప్పుడూ స్వయంగా వెళ్ళలేదు. ఓడలు పంపేవాడు, లైసెన్సులు ఇచ్చేవాడు, వాటా తీసుకునేవాడు. "నావికుడు" అనే బిరుదు చాలా తర్వాత చరిత్రకారులు అంటించింది. ఇవాళ్టి భాషలో ఆయన ఇన్వెస్టర్. 1460లో అల్గార్వ్‌లోనే, సాగ్రెస్‌లో చనిపోయాడు.

ఆయన ఓడలకి ముఖ్యమైన రేవు లాగోస్. నైజీరియాలో ఉన్న లాగోస్ కాదు, కన్ఫ్యూజ్ అవ్వొద్దు. ఆ ఊరికి ఆ పేరు పెట్టింది కూడా పోర్చుగీసువాళ్ళే గానీ మనం మాట్లాడేది పోర్చుగల్‌లో ఉన్న చిన్న ఊరి గురించి. చందు మూడో రోజు ఆడబోయే పాల్మారెస్ కోర్సు నుంచి చూస్తే ఆ లాగోస్ సముద్రపు వంపే కనిపిస్తుంది. గోల్ఫ్ బ్రోషర్లలో ఆ ఫోటో చూసే ఉంటారు. ఆకుపచ్చ గడ్డి, దాని వెనక ఇసుక, దాని వెనక నీలం.

1444 ఆగస్టు 8న ఆ నీలంలో ఆరు చిన్న ఓడలు లంగరు వేసి ఉన్నాయి.

వాటి నాయకుడి పేరు లాన్సరోత్. లాగోస్‌లో రాజుగారి పన్నులు వసూలు చేసే అధికారి. హెన్రీ దగ్గర అనుమతి తీసుకుని, ఇప్పుడు మారిటేనియా అని పిలిచే దేశపు తీరానికి వెళ్ళి, అక్కడి దీవుల్లో చేపలు పట్టుకుని బతికే ఊళ్ళ మీద పడ్డాడు. మనుషుల్ని పట్టి తెచ్చాడు. 235 మంది. ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు.

ఇదంతా మనకి ఎలా తెలుసు? జురారా అనే ఆస్థాన చరిత్రకారుడు కొన్నేళ్ళకే రాసిపెట్టాడు. ఆయన హెన్రీని పొగడటానికే ఆ పుస్తకం రాశాడు, అది గుర్తుపెట్టుకోండి. అలాంటివాడు కూడా ఆ రోజు దగ్గరికి వచ్చేసరికి తట్టుకోలేకపోయాడు. ఎండ ముదరకముందే పని అయిపోవాలని తెల్లవారుజామునే వాళ్ళని పడవల్లోంచి దింపారట. ఊరి బయట పొలంలో నిలబెట్టారట. కొందరు తల వంచుకుని ఏడుస్తున్నారు, కొందరు ఆకాశం వైపు చూసి అరుస్తున్నారు, కొందరు తమ ఊరి పద్ధతిలో శోకాలు పెడుతున్నారు. తర్వాత పంపకాలు మొదలయ్యాయి. అందరినీ సమాన భాగాలు చేయాలి కాబట్టి తండ్రుల్ని కొడుకుల నుంచి, భార్యల్ని భర్తల నుంచి, అన్నల్ని తమ్ముళ్ళ నుంచి విడదీశారు. ఒక గుంపులో పెట్టిన పిల్లలు పక్క గుంపులో తల్లిదండ్రుల్ని చూసి పరిగెత్తేవాళ్ళు. తల్లులు పిల్లల మీద పడి నేలకి కరుచుకునేవాళ్ళు, దెబ్బలు తినేవాళ్ళు గానీ వదిలేవాళ్ళు కాదు. చుట్టుపక్కల ఊళ్ళ జనం ఆ రోజు పని మానుకుని చూడటానికి వచ్చారు.

హెన్రీ గుర్రం మీద కూర్చుని చూస్తున్నాడు. అయిదో వంతు ఆయన వాటా. జురారా లెక్క ప్రకారం ఆయనకి 46 మంది వచ్చారు. నాలోని ఇంజనీర్ వెంటనే 235ని అయిదుతో భాగించాడు, 47 వచ్చింది. ఒకరు తక్కువ. ఆ ఒక్కరు ఏమయ్యారా అని అరగంట వెతికాను. తర్వాత నా మీద నాకే చిరాకేసింది. నేను కూడా వాళ్ళని వాటాలు వేసే లెక్కలోనే చూస్తున్నానే అని.

ఇక్కడ ఒక చిన్న దిద్దుబాటు. లాగోస్ వెళ్ళిన ప్రతి ఒక్కరూ చౌరస్తాలో ఒక తోరణాల బిల్డింగ్ ముందు ఫోటో దిగి, "యూరప్‌లో మొదటి బానిసల మార్కెట్" అని పోస్ట్ పెడతారు. అందులో రెండు తప్పులున్నాయి. ఒకటి, యూరప్‌లో మనుషుల్ని అమ్మడం అప్పటికే ఉంది, వెనిస్, జెనోవా వ్యాపారులు చాలాకాలంగా చేస్తున్నదే. కొత్తగా మొదలైంది ఏంటంటే, ఆఫ్రికా నుంచి నేరుగా సముద్రం మీద పెద్ద గుంపుగా తెచ్చి అమ్మడం. రెండు, ఆ బిల్డింగ్ ఆ రోజుది కాదు, చాలా తర్వాతది. 1444లో పంపకాలు జరిగింది ఊరి బయట పొలంలో. బిల్డింగ్‌లో 2016 నుంచి బానిసత్వం మీద చిన్న మ్యూజియం నడుస్తోంది, అది మాత్రం చూడాల్సిందే. ఆ చౌరస్తాలోనే సముద్రం వైపు చూస్తూ హెన్రీ విగ్రహం కూర్చుని ఉంటుంది. ఆయన చనిపోయిన 500 ఏళ్ళకి, 1960లో పెట్టారు. విగ్రహానికీ మ్యూజియంకీ మధ్య దూరం కొన్ని అడుగులే.

ఇప్పుడు షీట్‌లో నాలుగో రోజు.

2009లో లాగోస్ పాత కోటగోడ బయట అండర్‌గ్రౌండ్ పార్కింగ్ కట్టాలనుకున్నారు. పాత ఊళ్ళు కాబట్టి తవ్వేముందు ఆర్కియాలజీ వాళ్ళు చూడాలి. ఆ స్థలాన్ని గఫారియా లోయ అంటారు. గఫారియా అంటే కుష్ఠురోగుల్ని ఊరికి దూరంగా ఉంచే ఇల్లు. తవ్వితే అక్కడ పాత చెత్తకుప్ప బయటపడింది. 15 నుంచి 17వ శతాబ్దం దాకా ఊరి చెత్త పోసిన చోటు. పగిలిన కుండలు, పశువుల ఎముకలు. వాటి మధ్య మనుషులు.

158 మంది.

శ్మశానంలో పడుకోబెట్టినట్టు లేరు. క్రైస్తవుల పద్ధతిలో తల ఒక దిక్కు, కాళ్ళు ఒక దిక్కు అని లేదు. కొందరు పక్కకి, కొందరు బోర్లా, పడేసినవాళ్ళు పడేసినట్టే. కొన్ని అస్థిపంజరాలు చూస్తే చేతులు కట్టేసి ఉన్నట్టు తెలుస్తోంది. పిల్లలు కూడా ఉన్నారు. ఎముకల్ని కోయింబ్రా యూనివర్సిటీ ఆంత్రోపాలజిస్టులు పరిశీలించారు. చాలామంది ముందు పళ్ళు కావాలని అరగదీసి, ఒక ఆకారంలో చెక్కి ఉన్నాయి. అది ఆఫ్రికాలో కొన్ని సమాజాల్లో ఉన్న ఆచారం. డీఎన్‌ఏ కూడా ఆఫ్రికా వైపే చూపించింది.

వీళ్ళు 1444లో దిగిన ఆ 235 మందే అని ఎవరూ అనలేరు. కానీ ఆ రోజు తెరిచిన దారిలోనే వచ్చారు. ఓడలో చచ్చిపోయారో, దిగాక జబ్బుతో పోయారో, ఎవరింట్లోనో పనిచేస్తూ పోయారో. బాప్తిస్మం అవ్వకముందే పోతే చర్చి నేలలో చోటు ఉండదు. పాతిపెట్టడానికి యజమాని ఖర్చు పెట్టడు. ఇది లాగోస్ ఒక్కదాని కథ కాదు. రాజధాని లిస్బన్‌లో చనిపోయిన బానిసల్ని ఎక్కడపడితే అక్కడ పారేస్తుంటే కంపు భరించలేక, 1515లో రాజు మాన్యుయెల్ ఒక లోతైన గొయ్యి తవ్వించమని ఆదేశం ఇచ్చాడు. ఆ గొయ్యి పేరుతో లిస్బన్‌లో ఇప్పటికీ ఒక వీధి ఉంది. నల్లవాళ్ళ బావి వీధి. అక్కడ మంచి కేఫ్‌లు ఉన్నాయని ట్రావెల్ సైట్లు చెప్తాయి.

ఆ పళ్ళ గురించి నేను ఎక్కువ ఆలోచించాను. పళ్ళు చెక్కించుకోవడం నొప్పితో కూడిన పని. ఎవరో ఒకరు కూర్చోబెట్టి, ధైర్యం చెప్పి చేసి ఉంటారు. మన దగ్గర చిన్నపిల్లలకి చెవులు కుట్టించేటప్పుడు మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాడు చూడండి, అలాంటి రోజు వాళ్ళ ఇళ్ళల్లో కూడా ఒకటి ఉండి ఉంటుంది. పేరు, భాష, ఊరు, అన్నీ లాక్కున్నారు గానీ ఆ ఒక్క రోజు మాత్రం వాళ్ళ నోట్లో ఉండిపోయింది, 2009 దాకా.

తవ్వకం అయ్యాక ఎముకల్ని స్టడీకి తీసుకెళ్ళారు. పార్కింగ్ కట్టేశారు. దాని పైన మినీ గోల్ఫ్ వేశారు.

ఇక్కడ నేను అరిచి గోల చేస్తే వ్యూస్ వస్తాయని తెలుసు. చెయ్యను. ఎందుకంటే ఆ ఊరివాళ్ళ వైపు కూడా ఒక వాదన ఉంది. టూరిజం మీద బతికే చిన్న ఊరు, ఎండాకాలం కార్లు పెట్టుకోవడానికి చోటుండదు. ఇంకోటి, ఆ పార్కింగ్ అనుకోకపోతే ఆ 158 మంది ఉన్నారని ఎవరికీ తెలిసేది కాదు. ఈ రెండూ నిజమే. కానీ పార్కింగ్ అవసరం సరే, దాని పైన ఆటస్థలం కూడా తప్పనిసరా? అక్కడ నాలుగు చెట్లు పెట్టి ఖాళీగా వదిలేస్తే ఏం పోయేది? ఈ ప్రశ్నకి నాకు దొరికిన జవాబేదీ సరిపోలేదు.

మనకెందుకు ఇదంతా అని కామెంట్ రాయబోయేవాళ్ళకి. లాగోస్ నుంచి మొదలైన ఆ ఓడలే ఆఫ్రికా చుట్టూ దారి వెతుక్కుంటూ 1498కి కాలికట్ చేరాయి. ఇవాళ మీ ఇంట్లో ఉన్న అల్మారా, బట్టలకి చేసే ఇస్త్రీ, ఇల్లు కట్టే మేస్త్రీ, ఈ మాటలు పోర్చుగీసు నుంచి వచ్చినవే. ఆవకాయలో కారం కూడా వాళ్ళు మోసుకొచ్చిన మిరపకాయే. ఇవి మనం సరదాగా చెప్పుకుంటాం. సరదాగా చెప్పుకోనిది ఇంకోటుంది. పులికాట్ అంటే మనకి ఫ్లెమింగోలు, సూళ్ళూరుపేట పండగ గుర్తొస్తాయి. 17వ శతాబ్దంలో ఆ పులికాట్ రేవు డచ్ కంపెనీకి పెద్ద స్థావరం. కరువులు వచ్చినప్పుడు మన కోరమాండల్ తీరంలో తిండిలేక అమ్ముడుపోయిన వేలమందిని వాళ్ళు ఓడలెక్కించి బటావియాకి, సిలోన్‌కి తీసుకెళ్ళారు. వాళ్ళలో ఎంతమంది ఏ ఊరివాళ్ళో, చచ్చిపోతే ఎక్కడ పడేశారో మనం ఎవరం వెతకలేదు. కాబట్టి పోర్చుగల్ వాళ్ళని వేలెత్తి చూపించేముందు నేను కొంచెం తగ్గాను.

చందూకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "గోల్ఫ్ ట్రిప్ క్యాన్సిల్ చేయమంటావా ఏంట్రా?" అన్నాడు. వద్దన్నాను. పెనీనా ఆడు, గాడిద కథ మీవాళ్ళకి చెప్పు, పాల్మారెస్‌లో ఫోటోలు దిగు. అల్గార్వ్ అందమైన చోటే, దానికి నువ్వేం సిగ్గుపడక్కర్లేదు అన్నాను. నాలుగో రోజు మాత్రం మార్చమన్నాను.

"మార్చొచ్చు గానీ మినీ గోల్ఫ్ అని ముందే చెప్పేశానురా, మా పాప రోజూ అడుగుతోంది. ఎనిమిదేళ్ళ పిల్లకి ఏం చెప్పాలి?" అన్నాడు.

నాకు పిల్లల్లేరు, పెళ్ళే కాలేదు. ఎనిమిదేళ్ళ పిల్లకి ఏం చెప్పాలో నాకెలా తెలుస్తుంది? కానీ ఆ పొలంలో తల్లుల మీదకి పరిగెత్తిన పిల్లల్లో ఎనిమిదేళ్ళవాళ్ళు ఉండే ఉంటారు అన్నాను. అనకుండా ఉండాల్సిందేమో. వాడు "సరే చూద్దాం" అని పెట్టేశాడు.

షీట్‌లో ఆ గడి పక్కన నేను ఒక కామెంట్ పెట్టాను. "పొద్దున మ్యూజియం. తర్వాత కోటగోడ బయటికి నడుచుకుంటూ వెళ్ళండి. కారు ఇంకెక్కడైనా పెట్టండి." వారం అయింది. వాడు దాన్ని ఒప్పుకోలేదు, తీసేయనూ లేదు. మినీ గోల్ఫ్ అన్న లైన్ కూడా అలాగే ఉంది.

షీట్ లింక్ పెట్టమని అడక్కండి, అందులో వాళ్ళ ఫ్లైట్ నంబర్లు ఉన్నాయి. ఏప్రిల్‌లో వాడు వెళ్ళొచ్చాక నాలుగో రోజు ఏం చేశాడో కింద కామెంట్లలో రాస్తాను.